స్క్రాచ్ వచ్చిన పిల్లలతో 3డీ డిజైన్లు: బ్లాకులతోనా, నేరుగా క్యాడ్‌తోనా?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీ జిల్లా పరిషత్ హైస్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు, బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్ బాగానే వచ్చు. 3డీ ప్రింటర్ కూడా ఉంది కానీ, నెట్‌లో దొరికిన బొమ్మలు దించుకుని ప్రింట్ తీయడమే తప్ప సొంతంగా ఏదీ చేయడం లేదు. బ్లాక్ కోడింగ్‌తో డిజైన్ చేయిస్తే లాభం ఉంటుందా, లేక అది చిన్నపిల్లల ఆటే కాబట్టి నేరుగా ఫ్యూజన్ లాంటి క్యాడ్ (ఇంజనీర్లు కంప్యూటర్‌లో డిజైన్ గీసే) సాఫ్ట్‌వేర్‌లోకి దింపేయాలా అని అడిగారు.

నేను మెకానికల్ చదివి, టూల్‌రూమ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఎనిమిదేళ్లుగా స్కూలు ల్యాబ్‌లకు తిరుగుతున్నాను. ఈ పనిలో నేను చేసిన తప్పులే ఎక్కువ, వాటిలోంచే చెప్తాను.

బ్లాకులతోనే మొదలుపెట్టండి, అయితే అన్నిటికీ వద్దు. వస్తువులో రేపు మారే కొలత ఒకటి ఉన్నప్పుడు, లేదా ఒకే ముక్క పదిసార్లు తిరిగి వస్తున్నప్పుడు బ్లాకులు వాడాలి. ఒక్కసారి చేసి పక్కన పెట్టేసే ఆకారానికి బ్లాకులు పేర్చడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అందరూ మొదటి రోజు చేయించే పేరున్న కీచైన్ ఇందుకు మంచి ఉదాహరణ. టింకర్‌క్యాడ్ అనే తేలికపాటి 3డీ డిజైన్ సాధనంలో మౌస్‌తో లాగితే రెండు నిమిషాల పని అది. దాన్నే బ్లాకులతో చేయిస్తే పిల్లలకు విసుగు తప్ప ఏమీ మిగలదు. పైగా కీచైన్ దేనికీ సరిపోవాల్సిన పని లేదు కాబట్టి తప్పు పోయినా తెలియదు. తప్పు తెలియని చోట నేర్చుకునేదీ ఉండదు.

నేను మొదటి ప్రాజెక్టుగా బెంచీ కాళ్ల తొడుగులు చేయిస్తాను. ఒక స్కూల్లో పరీక్ష జరుగుతుంటే ఎవరు కదిలినా ఇనుప బెంచీ గచ్చు మీద కీచుమని అరుస్తోంది. కాళ్లకు ఉండాల్సిన ప్లాస్టిక్ బుష్‌లు ఎప్పుడో ఊడిపోయాయి. పిల్లల చేతికి వెర్నియర్ కాలిపర్ ఇచ్చి, కాళ్లు కొలిచి రాయమన్నాను. అంగుళం చదరపు పైపే కాబట్టి అన్నీ 25.4 మిల్లీమీటర్లు ఉంటాయని నేనూ అనుకున్నాను. 25.1, 25.4, 25.9 అని రకరకాలుగా వచ్చాయి. ఏటేటా వేసిన పెయింటు ఒక చోట, వెల్డింగ్ బొడిపె ఇంకో చోట. ఒక్క బెంచీకే నాలుగు కాళ్లు నాలుగు రకాలు. ‘సార్, ప్రతి కాలికీ మళ్లీ మొదట్నుంచీ గీయాలా?’ అని ఒకడు అడిగాడు. వేరియబుల్ (మార్చుకోగల విలువకు పెట్టుకున్న పేరు) గురించి నేను గంటసేపు చెప్పినా రాని ప్రశ్న అది.

దీనికి నేను వాడేది బ్లాక్స్‌క్యాడ్. స్క్రాచ్ లాగే బ్లాకులు పేరుస్తాం, పక్కన రెండర్ నొక్కితే 3డీ ఆకారం కనిపిస్తుంది. వెనకాల అది ఓపెన్‌స్క్యాడ్ అనే భాషలో కోడ్ రాసుకుంటుంది, ఆ కోడ్‌ను మనం చూడొచ్చు కూడా. ముందు పిల్లలతో వేరియబుల్స్ చేయించండి: కాలు, వదులు, మందం, అడుగు, ఎత్తు. తెలుగు మాటలే పెట్టించండి, అయితే ఇంగ్లిష్ అక్షరాల్లో రాయించండి. ఓపెన్‌స్క్యాడ్ వేరియబుల్ పేర్లలో తెలుగు లిపిని ఒప్పుకోదు, తర్వాత ఆ కోడ్ అక్కడికి తీసుకెళ్తే ఇబ్బంది. ‘వదులు’ అనే మాట మాత్రం వదలకండి. క్లియరెన్స్ అంటే తలలూపుతారు. వదులు, బిగుతు అంటే చేతికే తెలుస్తుంది.

తొడుగు బయటి కొలత ఎంత? కాలు + వదులు + 2 × మందం. కాలు 25.4, వదులు 0.4, గోడ మందం 2 అనుకుంటే 29.8. నాకు తెలిసి ప్రతి క్లాసులో సగం మంది మందాన్ని ఒక్కసారే కలుపుతారు. తెరమీద ఆ తొడుగు చక్కగానే ఉంటుంది. ప్రింట్ తీస్తే రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు గోడే మిగిలి, కాలికి తొడగగానే చీలుతుంది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగండి. బీజగణితంలో 2 ఎందుకు వచ్చిందో చీలిన తొడుగు చూపించినంత బాగా నల్లబల్ల చూపించదు.

తర్వాత డిఫరెన్స్ బ్లాకు. అందులో మొదట పెట్టిన ఆకారం ఉంటుంది, దాని కింద పెట్టినవన్నీ అందులోంచి తీసివేతకు వెళ్తాయి. బయటి పెట్టెలోంచి లోపలి పెట్టెను తీసేస్తే తొడుగు. ఎత్తు 20, అడుగు 3 అయితే లోపలి పెట్టెను 3 పైకి జరపాలి, దాని ఎత్తు 17 కావాలి. 17 పెట్టకండి, 18 పెట్టండి. రెండు పెట్టెల పై ముఖాలు సరిగ్గా ఒకే మట్టానికి వస్తే అక్కడ గుంత తెరుచుకుందో, సున్నా మందం పొర మిగిలిందో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. తెర మీద ఆ చోట రంగు మిణుకుమిణుకుమంటుంది, ఫైలు చెడొచ్చు. తీసేసే ఆకారం ఎప్పుడూ ఒక మిల్లీమీటరు బయటికి పొడుచుకు రావాలి. పుచ్చకాయ కోసేటప్పుడు కత్తిని తొక్క దాటించమా, అలాగే.

ఇక్కడికి వచ్చాక మొత్తం తొడుగు ప్రింట్ తీయనివ్వకండి, చాలామంది ఫిలమెంట్ (ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ) అంతా తగలేసేది ఇక్కడే. ఎత్తు 5 చేసి, అడుగు తీసేసి, రింగు ఒకటి తీయమనండి. లెక్క వేస్తే మొత్తం తొడుగులో ప్లాస్టిక్ సుమారు 6.4 ఘన సెంటీమీటర్లు. మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ సాంద్రత 1.24 కాబట్టి 8 గ్రాములు. రింగు 1.4 గ్రాములే. వదులు 0.2, 0.4, 0.6 పెట్టి మూడు రింగులు లూప్‌తో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే బ్లాకుతో) పక్కపక్కనే వేయిస్తే ఒక్కసారికే మూడూ వచ్చేస్తాయి. ఏది కాలికి బిగుతుగా దిగి ఊడకుండా ఉంటుందో అదే మీ ప్రింటర్ సంఖ్య. నా దగ్గర 0.4 సరిపోయింది, మీ దగ్గర అంతే రావాలని లేదు. ఆ సంఖ్యను ప్రింటర్ మీద స్కెచ్‌పెన్‌తో రాసేయండి.

ఒక మాట దాచకూడదు. పీఎల్ఏ తొడుగు గట్టిగా ఉంటుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు. టీపీయూ అనే రబ్బరు లాంటి ఫిలమెంట్ అయితే దీనికి బాగా పనికొస్తుంది, కానీ చాలా మామూలు ప్రింటర్లలో అది గేరు దగ్గర మెలిక పడి సతాయిస్తుంది. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కూడా. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన నా ఫోన్ స్టాండు సాయంత్రానికి సాష్టాంగ నమస్కారం చేసింది.

గుండ్రటి రంధ్రాల సంగతీ మీ క్లాసుకు పనికొస్తుంది. ఇలాంటి సాధనాల్లో కంప్యూటర్ వృత్తం గీయదు, ఎక్కువ భుజాల బహుభుజి గీస్తుంది. దాని మూలలు వృత్తం మీద ఉంటాయి, భుజాలు లోపలికి ఉంటాయి. అందుకని 10 మిల్లీమీటర్ల వ్యాసమని చెప్పి 8 భుజాలతో రంధ్రం చేస్తే, ఎదురెదురు భుజాల మధ్య దూరం 10 × కాస్ 22.5°, అంటే 9.24 మాత్రమే. 10 మిల్లీమీటర్ల కడ్డీ అందులో దూరదు. 32 భుజాలు పెడితే 9.95. కొసైన్ ఎందుకు నేర్చుకోవాలని అడిగే పదో తరగతి పిల్లల చేతిలో ఆ కడ్డీ, ఆ ముక్క పెట్టేయండి. ఇదే గుణాన్ని మనకు కావలసినట్టూ వాడుకోవచ్చు: సిలిండర్‌కు భుజాలు 6 అని పెడితే షట్కోణం వస్తుంది, పెన్సిల్ స్టాండుకు అచ్చంగా సరిపోతుంది.

ఇప్పుడు లూపులు. వీటికి మన దగ్గర ముగ్గును మించిన పాఠం లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మొదటి నెలంతా ల్యాబ్‌లో వెనక బల్ల మీదే కూర్చునేది, మౌస్ ముట్టుకునేది కాదు. సంక్రాంతి ముందు ఆమె నోటుపుస్తకం చివరి పేజీలో ముగ్గులు చూశాను. పక్కన రాసుకుంది: ‘15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క’. ఆ ఒక్క ముక్కలో ప్రోగ్రాం మొత్తం ఉంది. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో, వరుస మారినప్పుడు ఎంత జరగాలో అన్నీ చెప్పేసింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1970ల్లోనే ముగ్గులకు వ్యాకరణం రాసి కంప్యూటర్ సైన్స్‌లోకి తెచ్చారు. నేను ముగ్గునూ కోడింగ్‌నూ కలిపి చూసింది ఈ అమ్మాయి పుస్తకం చూశాకే.

నడిమి వరుసలో 15, దాని పైన సందుల్లో 14, ఆపైన 13, అలా 8 దాకా. కిందికీ అంతే. బయటి లూపు i, 0 నుంచి 7 వరకు. లోపలి లూపు j, 1 నుంచి 15 − i వరకు. చుక్కల మధ్య దూరం 10 అయితే, అడ్డంగా స్థానం j × 10 + i × 5, నిలువుగా i × 8.66. కింది సగానికి నిలువు విలువకు మైనస్ పెడితే చాలు. అందరూ నిలువుగా కూడా 10 పెట్టారు, ముగ్గు పైకీ కిందికీ సాగినట్టు వచ్చింది. ఎందుకని అడిగితే ఆ అమ్మాయే చెప్పింది: ‘సందు చుక్కకు వరుసలు దగ్గరగా పెట్టాలి సార్, మా నాయనమ్మ వేలు ఆనించి చూస్తుంది’. మూడు పక్కపక్క చుక్కలు సమబాహు త్రిభుజం కావాలి, దాని ఎత్తు 10 × √3/2. నాయనమ్మ వేలికి తెలిసిన 8.66 అదే.

మొత్తం చుక్కలు ఎన్ని? కాగితం మీద 15 + 2 × 77 = 169. ప్రోగ్రాంలో లూపులు ఎన్నిసార్లు తిరుగుతాయో లెక్కపెట్టి చూస్తే 184 వచ్చింది. పదిహేను ఎక్కువ. పై సగం, కింది సగం రెండూ i = 0 నుంచి మొదలవడంతో నడిమి వరుస రెండుసార్లు పడింది. ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి తెర మీద తేడా కనిపించదు, లెక్కే పట్టిచ్చింది. కింది లూపును 1 నుంచి మొదలుపెట్టాక సరిపోయింది. సరి చుక్క ముగ్గయితే వరుసకు రెండేసి తగ్గుతాయి, నిలువు దూరం కూడా 10 అవుతుంది. దానికి ఏ సంఖ్యలు మార్చాలో ఇంటిపనిగా ఇవ్వండి.

ఈ చుక్కలను పలకలో రంధ్రాలుగా చేస్తే చుక్కల అచ్చు తయారవుతుంది, పూజగదిలో చిన్న ముగ్గుకు సరిపోతుంది. మొదటి అచ్చుకు 2 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టాం, ముగ్గుపిండి ఒక్క రేణువు జారలేదు. 4 పెట్టాక జారింది. ఇంకో చిక్కు, 169 సిలిండర్లను పలకలోంచి తీసేయమంటే పాత ల్యాప్‌టాప్ గుడ్లు తేలేస్తుంది. దానికి మందు, ముందు 2డీలోనే చతురస్రం లోంచి వృత్తాలు తీసేసి, చివర్లో ఒక్కసారి లీనియర్ ఎక్స్‌ట్రూడ్‌తో మందం ఇవ్వడం. పని చాలా తేలికవుతుంది. ఇంకా మొరాయిస్తే వృత్తాల భుజాలు 8కి తగ్గించండి.

తెలుగు అక్షరాల గురించి కూడా మీరు అడగబోతారని తెలుసు, ఎందుకంటే పిల్లలు మొదట అడిగేది అదే. బ్లాకుల్లోని టెక్స్ట్ మీద ఆశ పెట్టుకోకండి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంట్‌తో పేరు రాసి, పాత్‌గా (గీతల ఆకారంగా) మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా టింకర్‌క్యాడ్‌లోకి తెచ్చుకోవడం నమ్మకమైన దారి. కింద పలక తప్పనిసరి. మన వత్తులు చాలా ఫాంట్లలో అక్షరానికి అంటుకోకుండా విడిగా ఉంటాయి, పలక లేకపోతే బెడ్ మీంచి తీయగానే రాలిపోతాయి. స్టెన్సిల్ అయితే కథ తిరగబడుతుంది. ‘ఠ’ కోస్తే లోపలి ముక్క మొత్తం ఊడి కింద పడుతుంది, చుక్కతో సహా. సన్నటి వంతెనలు పెట్టి ఆపాలి. గుండ్రటి లిపికి ఇవి తప్పని తిప్పలు.

ఇక మిగతా బ్లాక్ సాధనాలు. టింకర్‌క్యాడ్‌లోనే కోడ్‌బ్లాక్స్ అని ఉంది. ఒక్కో బ్లాకు నడుస్తుంటే ఆకారం కళ్లముందే తయారవుతుంది, అందుకే మొదటి రెండు వారాలకు అదే బాగుంటుంది. ఆ తర్వాత బ్లాక్స్‌క్యాడ్‌కు మారండి. అయితే కదపడం, తిప్పడం దగ్గర పిల్లలు తికమకపడతారు. బ్లాక్స్‌క్యాడ్‌లో ఒకదాని లోపల ఒకటి ఇమిడి ఉంటాయి, లోపలిది ముందు జరుగుతుంది. జరిపి తిప్పితే ఒక చోటికి, తిప్పి జరిపితే ఇంకో చోటికి చేరతాం. గ్రౌండ్‌లో ఒకణ్ణి నిలబెట్టి ‘ఐదడుగులు నడిచి తిరుగు’, ‘తిరిగి ఐదడుగులు నడువు’ అని రెండుసార్లు చేయించండి, పది నిమిషాల్లో అయిపోతుంది.

బీటిల్ బ్లాక్స్ వేరే దారి. అందులో పురుగు ఒకటి 3డీలో పాక్కుంటూ పోతుంది, వెనకాల గొట్టంలా గీత వదులుతుంది. స్ప్రింగులు, మెలికలు తిరిగిన గాజులు, పువ్వులు దీంతో ఇట్టే వస్తాయి. కొలత సరిపోవాల్సిన వస్తువులకు మాత్రం నేను వాడను. దీనికి ముత్తాత లోగో భాష. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ దాన్ని తయారుచేశారు. కొన్నాళ్లకే దాంతో నేల మీద నిజంగా పాకే తాబేలు రోబోను నడిపి కాగితం మీద గీతలు గీయించారు. చిన్నపిల్లల ఆట అన్నారే, ఆ ఆట మొదలైంది తెర బయటే.

బ్లాకులతో ఎంబ్రాయిడరీ డిజైన్ చేసే టర్టిల్‌స్టిచ్‌ను మాత్రం వదులుకోకండి, ముఖ్యంగా ఆడపిల్లలు ‘ఇది మాకోసం కాదు’ అని వెనక కూర్చునే ల్యాబ్‌లలో. తాబేలు గీసిన ప్రతి అడుగూ ఎంబ్రాయిడరీ కుట్టు అవుతుంది. ఫైలు డీఎస్‌టీ రూపంలో దిగుతుంది. మన ఊళ్లలో జాకెట్లకు కంప్యూటర్ వర్క్ చేసే షాపులు నడిచేదీ ఈ ఫైళ్ల మీదే. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే పది నిమిషాల్లో కుట్టి ఇస్తారు. ఒక షాపాయన పిల్లల ఫైలు తెరిచి చూసి మిషన్ మీద పెట్టనన్నాడు. ఆయనదే న్యాయం, నక్షత్రం మధ్యలో ఒకే బిందువు దగ్గర అరవై కుట్లు పడుతున్నాయి, సూది విరుగుతుంది. డీఎస్‌టీలో ఒక కుట్టు 12.1 మిల్లీమీటర్లు దాటకూడదన్న నియమం కూడా ఆయన నోటివెంటే మొదట విన్నాను. మధ్యలో చిన్న ఖాళీ వదిలి మళ్లీ తెచ్చారు, జేబురుమాలు మీద వచ్చింది.

లేజర్ కటింగ్ అవసరమైతే మీ పక్క ఊళ్లోని సైన్‌బోర్డు షాపు సరిపోతుంది, హైదరాబాద్ దగ్గరైతే రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం టీ-వర్క్స్ ఉంది. బ్లాక్స్‌క్యాడ్ కోడ్‌ను ఓపెన్‌స్క్యాడ్‌లో అతికిస్తే 2డీ డిజైన్ లేజర్ మిషన్‌కు ఇచ్చే డీఎక్స్ఎఫ్ ఫైలుగా వస్తుంది. చెక్క షీటు మందం, లేజర్ తినేసే సన్నటి గీత వెడల్పు, ఈ రెండూ వేరియబుల్సే. 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క షీటు అని కొన్నది కొలిస్తే 2.7 ఉండొచ్చు. పీవీసీ షీటు, రెక్సిన్ మాత్రం లేజర్ కింద పెట్టనివ్వకండి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనుషులకూ చెడు, మిషనుకూ చెడు.

బ్లాకులు ఎక్కడ ఆపాలి? వినాయకుడి బొమ్మ బ్లాకులతో రాదు, ప్రయత్నించకండి. అంచులు నున్నగా గుండ్రం చేయడం, కీలు బిగించిన భాగాలు కదిలించి చూడటం లాంటివాటికి ఫ్యూజన్ లాంటి క్యాడే కావాలి. దానికి మంచి కంప్యూటరూ కావాలి, నెట్టూ కావాలి, అన్నిటికన్నా ముందు స్కెచ్‌లో కొలతలు బంధించాలన్న ఆలోచన ఉండాలి. బెంచీ తొడుగు చేసిన పిల్లకు ఆ ఆలోచన వచ్చేసి ఉంటుంది, పాలిటెక్నిక్‌లో చేరిన మొదటి వారంలోనే తేడా చూస్తారు. బ్లాకులు అరవై డెబ్బై దాటితే తెర మీద జంతికల చట్రంలా కనిపిస్తుంది. అప్పుడు కోడ్ చూపించి ఓపెన్‌స్క్యాడ్‌లో టైప్ చేయించండి. తొమ్మిదో తరగతిలో ఒకరో ఇద్దరో ఆ స్థాయికి వస్తారు, అందరినీ నెట్టక్కర్లేదు. ఓపెన్‌స్క్యాడ్‌కు నెట్ అక్కర్లేదన్నది అదనపు లాభం.

నలభై మందికి ఒకే ప్రింటర్ అన్న టెన్షన్ మీకు ఎలాగూ ఉంటుంది. నేను నలుగురేసి జట్టు చేస్తాను. జట్టులో ఒకరు కొలుస్తారు, ఒకరు గ్రాఫ్ కాగితం మీద గీస్తారు, ఇద్దరు బ్లాకులు పేరుస్తారు, వారం వారం మారతారు. గ్రాఫ్ మీద బొమ్మ, దాని మీద కొలతల పేర్లు లేకుండా కంప్యూటర్ దగ్గరికి రానివ్వను. ప్రింట్‌కు ముందు ఇంకో జట్టు ఆ ఫైలులో కాలు కొలతను 25.4 నుంచి 32కు మార్చి చూస్తుంది. తొడుగు చెదరకుండా పెద్దదైతేనే ప్రింటింగుకు వరుసలోకి వస్తుంది. ఈ ఒక్క పరీక్షతో ‘ఎక్కడో ఒక చోట సంఖ్యను నేరుగా కొట్టేసిన’ తప్పులన్నీ బయటపడతాయి.

కిలో ఫిలమెంట్‌కు 8 గ్రాముల చొప్పున లెక్కకు 125 తొడుగులు, చెడిపోయినవి పోను వంద చేతికొస్తాయి. అంటే పాతిక బెంచీలు. వానాకాలంలో స్పూలును బయట వదిలేయకండి, తేమ పీల్చుకుని నాజిల్ దగ్గర చిటపటలాడుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. మీ బెంచీలు చదరపు పైపువో గుండ్రటివో రాయండి. గుండ్రటివైతే లోపలి రంధ్రానికి భుజాలు 32కు తగ్గకుండా పెట్టాలి, వదులు రింగులూ మళ్లీ తీయాలి.